సొరుగులో రొట్టె

ముప్ఫై ఏళ్ళు సరిహద్దు చెక్‌పోస్టులో కూర్చుని పాస్‌పోర్టుల మీద ముద్రలు కొట్టినదాన్ని నేను. మనిషి కిటికీ ముందుకు రాగానే ముందు చేతులు చూసేదాన్ని, తర్వాత మొహం, ఆఖరున కాగితం. రిటైరై ఆల్మటీలో కూతురికి దగ్గరగా ఫ్లాట్ తీసుకున్నాక కూడా ఆ చూపు పోలేదు. లిఫ్టులో ఎవడైనా పక్కన నిలబడితే చాలు, ఎక్కడికి, ఎన్నాళ్ళకి, ఎవరి దగ్గరికి అని మనసులోనే అడిగేస్తాను. "అమ్మా, నువ్వు పాలప్యాకెట్టు మీద తేదీ చూసినా దొంగని పట్టుకున్నట్టే ఉంటుంది" అంటుంది మా అమ్మాయి.

ఇలాంటిదాన్ని షుహ్రత్ కోరి పనిలో పెట్టుకున్నాడు. పరాయి దేశం నుంచి వచ్చి ఇక్కడ కంపెనీ పెట్టినవాడికి ప్రోగ్రాములు రాసేవాళ్ళకంటే ముందు కాగితాలు తెలిసిన మనిషి కావాలి. అనుమతి ఎప్పుడు ముగుస్తుంది, ఏ కిటికీ దగ్గర ఏ ఫారం ఇవ్వాలి, ఏ గుమాస్తా మధ్యాహ్నం భోజనం తర్వాత మెత్తబడతాడు, ఇవన్నీ నాకు కొట్టినపిండి. "అపై, మీరుంటే నాకు ధైర్యం" అన్నాడు మొదటిరోజే, పెద్దక్కని పిలిచినట్టు. పొగిడేవాళ్ళని నేను నమ్మను. అయినా చేరాను. ఇంట్లో కూర్చుంటే మోకాళ్ళు పట్టేస్తున్నాయి మరి.

అతనిది ఉజ్బెకుల దేశంలోని ఉర్గెంచ్. అక్కడ బళ్ళో పిల్లలకి కంప్యూటరు చెప్పేవాడట. మా ఊళ్ళో ఉజ్బెకు అంటే టైల్స్ అతికేవాడు, కాకపోతే తందూరులో రొట్టెలు వేసేవాడు. ఆరేళ్ళ క్రితం ఆల్మటీ వచ్చిన షుహ్రత్ కూడా మొదట టైల్సే అతికించాడు. తర్వాత మా ఆఫీసు పెట్టిన భవనంలో స్నానాలగదుల గోడలన్నీ అతని చేతివే. ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే నాలుగో అంతస్తుకి తీసుకెళ్ళి, "ఆ వంకర టైలు చూశారా, అది నా మొదటిరోజు పని" అని నవ్వేవాడు.

ఆ భవనం కట్టేటప్పుడు అక్కడొక ముసలి కాపలాదారు ఉండేవాడట. కొండల్లో వదిలిన ఆయన గుర్రాలు రెండు మంచు తుఫానులో తప్పిపోయాయి. గుర్రం పోతే మావాళ్ళకి ఇంట్లో మనిషి పోయినట్టే. ముసలాయన ఏడుస్తుంటే షుహ్రత్ పాత ఫోన్ల ముక్కలు ఏరి, తోలుపట్టీకి బిగించి, మిగిలిన గుర్రాల మెడలకు కట్టాడు. అవి ఏ లోయలో ఉన్నాయో ఫోనులో పచ్చచుక్కలుగా కనిపించాయి. అదే కంపెనీకి మొదలు. ఏదో పోటీలో గెలిచాడు, గది అద్దెకు తీసుకున్నాడు, ఎల్దార్ అనే కుర్ర ప్రోగ్రామర్ని పెట్టుకున్నాడు, తర్వాత నన్ను. ఇక గుర్రాలు కావాలి. గుర్రాలు మావాళ్ళ దగ్గర ఉన్నాయి.

మా పుట్టిల్లు కెగెన్ వైపు. మా తమ్ముడు తోలెగెన్‌కి మంద ఉంది. నేను షుహ్రత్ పట్టీల సంగతి చెప్పగానే తోలెగెన్ అడిగిన మొదటి ప్రశ్న ఇది:

"అప్కే, వాడు మనవాడేనా?"

నేను అవునూ అనలేదు, కాదూ అనలేదు. "మధ్యలో నేనున్నాగా" అన్నాను.

ఆ మాట మీద నలభై ఇళ్ళవాళ్ళు తమ గుర్రాలకి పట్టీలు కట్టించుకున్నారు. షుహ్రత్‌ని చూసి కాదు, తోలెగెన్ అక్కని చూసి. ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే మందలు ఎక్కడున్నాయో చూపించే మ్యాపు మంచివాడి చేతిలో ఉంటే కాపలా, పారిపోయేవాడి చేతిలో ఉంటే గుర్రపు దొంగలకి పెళ్ళిభోజనం. ఆ మ్యాపు పట్టుకుని ఇతను ఒక పొద్దున మాయమైతే నేను మా ఊళ్ళో మళ్ళీ కాలు పెట్టలేను. ఏడాదిన్నర ఆ భయంతోనే అతని చేతులు చూస్తూ టీ పోశాను.

సెప్టెంబరు చివర్లో నా అనుమానానికి మేత దొరకడం మొదలైంది.

ముందు ఫోన్లు. షుహ్రత్ మెట్ల దగ్గరికి వెళ్ళి, గొంతు తగ్గించి ఉజ్బెకులో మాట్లాడేవాడు. మా భాషా వాళ్ళ భాషా దాయాదులు, సగం అర్థమవుతుంది. మిగతా సగం నేనే పూరించుకున్నాను. "ఇల్లు లేదు, అంతా అయిపోయింది" అన్నది వినిపించింది. "డ్రైవరు చేతికే ఇవ్వండి, ఇంకెవరికీ వద్దు" అన్నదీ వినిపించింది. తర్వాత పెద్ద సూట్‌కేసు కొన్నాడు.

"ఎందుకిది?" అన్నాను.

"పట్టీలు పెట్టడానికి అపై. అట్టపెట్టెలు చిరిగిపోతున్నాయి కదా."

"చక్రాల పెట్టె ఎందుకు మరి?"

"బరువుంటుంది కదా!"

ఎల్దార్ కంప్యూటరు వెనకనుంచి తల పైకెత్తి, "అపై, వేలిముద్రలు కూడా తీసుకుంటారా?" అన్నాడు. నేను వాడికేసి ఒక చూపు చూశాను. వాడు మళ్ళీ కిందికి వంగాడు.

మంగళవారంనాడు షుహ్రత్ పంటి డాక్టరు దగ్గరికని మధ్యాహ్నమే వెళ్ళిపోయాడు. నేను రిజిస్ట్రేషను ఆఫీసుకి వెళ్ళి తిరిగొస్తుంటే బస్సు కిటికీలోంచి కనిపించాడు, సైరాన్ బస్టాండులోకి నడుచుకుంటూ. అక్కడ పంటి డాక్టరెవరూ లేరు. దిగిపోయాను. వెనకే వెళ్ళి సమోసాల బండి చాటున నిలబడ్డాను. తాష్కెంటు బస్సుల బోర్డు కింద ఇతను చేతులు జేబుల్లో పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. అరగంట. మాటిమాటికీ టైము చూసుకుంటున్నాడు. ఒకసారి గబుక్కున నా వైపు తిరిగాడు. దొరికిపోతానని నేను బండి వెనకనుంచే జారుకున్నాను. సగం చూసి వచ్చేశాను. ఆ సగంతోనే ఇంటికెళ్ళి రాత్రంతా నిద్రపోలేదు.

బుధవారంనాడు ఒక కాగితానికి కంపెనీ ముద్ర కావలసివచ్చింది. ముద్ర షుహ్రత్ సొరుగులో ఉంటుంది, తీసుకునే హక్కు నాకుంది. అతను గదిలో లేడు. సొరుగు లాగగానే లోపల ఏదో టక్కున చెక్కకి కొట్టుకుంది. ఆకుపచ్చ పూల రుమాలు. ఒక కొస ఊడి ఉంది. లోపల గుండ్రటి రొట్టె, నడిమధ్య పువ్వు అచ్చు. అంచున ఒక కొరుకు.

గుమ్మంవైపు ఒకసారి చూశాను.

మా వైపైనా, వాళ్ళ వైపైనా ఇంతే. దూరం వెళ్ళేవాడు గుమ్మం దాటే ముందు రొట్టె ఒక్క కొరుకు కొరుకుతాడు. మిగిలింది ఇంట్లో దాచి ఉంచుతారు. తిరిగివచ్చాక అతనే దాన్ని తినాలి. తోలెగెన్ సైన్యానికి వెళ్ళినప్పుడు మా అమ్మ వాడి రొట్టెను రెండేళ్ళు గోడకి వేలాడదీసి, రోజూ దుమ్ము దులిపింది. కొరికిన రొట్టె కనిపించిందంటే ప్రయాణం ఖాయమైందనే లెక్క. దానికింకో అర్థం ఉంటుందని నాకు తోచలేదు. ఇక్కడ అతనికి ఇల్లూవాకిలీ లేవు, దాచేవాళ్ళు లేరు, అందుకని సొరుగులో పెట్టాడు. పోతూ పోతూ కూడా ఆచారం తప్పలేదు దొంగవెధవ, అనుకున్నాను. రొట్టెను ముట్టుకోలేదు. ముద్ర వేసుకుని సొరుగు మూసేశాను.

సాయంత్రం టీ పోస్తూ ఊరికే అడిగినట్టు అడిగాను. "ఎక్కడికైనా ప్రయాణమా?"

"నేనా? ఎక్కడికి అపై?" అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

ప్రశ్నకి ప్రశ్నతో జవాబిచ్చేవాళ్ళని చెక్‌పోస్టులో పక్కకి నిలబెట్టేదాన్ని. ఇక్కడ పక్కకి నిలబెట్టే అధికారం నాకు లేదు. "పన్ను నొప్పి తగ్గిందా?" అన్నాను. "తగ్గింది" అన్నాడు, కప్పులోకి చూస్తూ. మొహం మీద ఇంకో ప్రశ్న వేసి ఉంటే చెప్పేసేవాడే. కాని ఎదుటివాడికి అనుమానం తెలియనివ్వకూడదన్నది నా పాత పద్ధతి. ఆ పద్ధతే నా కొంప ముంచింది.

గురువారం పొద్దున్నే తోలెగెన్‌కి ఫోన్ చేశాను.

"షుహ్రత్ రొట్టె కొరికాడు" అన్నాను.

అవతల గుర్రాలు సకిలిస్తున్నాయి. "నీ కళ్ళతో చూశావా?"

"సొరుగులో దాచాడు. రుమాల్లో చుట్టి."

"మనకి చెప్పకుండా కొరికాడంటే ఇంకేముంది అప్కే! వాడి చేతిలో మన మందల ఆచూకీ అంతా ఉంది. ఎప్పుడు పోతున్నాడు?"

"తెలీదు. రేపు పట్టీలు చూడ్డానికి రాజధాని అస్తానా నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారు. వాళ్ళ దగ్గర పని చేయించుకుని పోతాడేమో."

"నువ్వు ఫోన్ పెట్టెయ్. మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు.

ఏం చూసుకుంటావని నేను అడగలేదు. అడిగి ఉండాల్సింది.

శుక్రవారం పదకొండింటికి అస్తానావాళ్ళు వచ్చారు. గంభీరంగా ఉండే ఒకావిడ, ఆవిడ పక్కన ఎప్పుడూ నవ్వుతూ ఉండే ఒకాయన. వీళ్ళకి నచ్చితే కెగెన్ ప్రాంతమంతా మందలకి మా పట్టీలే. నచ్చకపోతే కంపెనీ చలికాలం దాటదు. కంపెనీ లేకపోతే షుహ్రత్‌కి ఈ దేశంలో ఉండే అనుమతీ లేదు, ఎందుకంటే ఆ అనుమతి కంపెనీ పేరు మీదే తీయించాను, నేనే. షుహ్రత్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఆ చక్రాల సూట్‌కేసు తెరిచాడు. అందులో వరసగా పేర్చిన పట్టీలు.

మెడ చాచి పెట్టె అడుగుదాకా తొంగిచూశాను. పట్టీల కోసమేనన్నమాట. ఆ ఒక్కటీ నిజం చెప్పాడులే, అని సర్దిచెప్పుకున్నాను.

"ఇప్పుడు, ఈ క్షణంలో, మందలు ఎక్కడున్నాయో చూపిస్తాను" అని షుహ్రత్ గోడ మీద మ్యాపు వెలిగించాడు. రోజూ ఆ లోయల నిండా పచ్చచుక్కలు చెల్లాచెదురుగా మెల్లగా కదులుతుంటాయి. ఆ రోజు లోయలన్నీ ఖాళీ. ఊరి మధ్యలో ఒకేఒక్క చోట చుక్కలన్నీ ఒకదాని మీద ఒకటి కుప్పపడి ఉన్నాయి. ఒక్కటీ కదలదు. ఎల్దార్ మళ్ళీ మళ్ళీ మీటలు నొక్కాడు. కుప్ప కుప్పలాగే ఉంది.

ఆ చోటు నాకు తెలుసు. అది మా తోలెగెన్ పెరడు.

నవ్వే ఆయన నవ్వాడు. "ఏంటి, అప్పుడే చలికాలం మాంసానికి గుర్రాల కోతలు మొదలెట్టేశారా? అన్నిటినీ ఒకే పెరట్లోనా!"

"సాంకేతికంగా ఏదో..." అని షుహ్రత్ నుదురు తుడుచుకున్నాడు. "ఒక్క నిమిషం. అక్కడి ఆయనతోనే మాట్లాడిస్తాను." అందరికీ వినబడేలా ఫోన్ బల్ల మీద పెట్టి, పెద్దన్నని పిలిచినట్టు తోలెగెన్‌ని పిలిచాడు. నేను ఆపేలోపే వాడు ఫోన్ ఎత్తేశాడు.

"తోలెగెన్ అగా, గుర్రాలన్నీ మీ ఇంట్లో ఉన్నట్టు చూపిస్తోంది, ఏమైంది?"

"గుర్రాలు కాదు, పట్టీలు. కోసి గోనెసంచుల్లో వేశాం. వచ్చి పట్టుకుపో. గుర్రాల ఆచూకీ మాత్రం నీకిక దొరకదు."

"ఎందుకు అగా? ఏం తప్పు చేశాను?"

"ఎందుకా? రొట్టె కొరికావు కదా! ఎక్కడికి చెక్కేస్తున్నావో ముందది చెప్పు!"

"ఏ రొట్టె?" అన్నాడు షుహ్రత్. అన్నాక అతనికి అర్థమైంది. మెల్లగా తల తిప్పి నాకేసి చూశాడు. గదిలో అందరూ నాకేసి చూశారు. మూడు దశాబ్దాలు కిటికీకి లోపలివైపు కూర్చున్నదాన్ని, ఆ రోజు మొదటిసారి బయటివైపు నిలబడ్డాను.

అస్తానా ఆవిడ లేచి నిలబడింది. "మీ సంగతులు మీరు తేల్చుకోండి. మేం తర్వాత కబురు చేస్తాం" అంది. ఆ గొంతులోనే తెలిసిపోయింది, కబురు రాదని. షుహ్రత్ వాళ్ళని లిఫ్టుదాకా సాగనంపాడు. తిరిగొచ్చి అరుస్తాడనుకున్నాను. అరిచినా బాగుండేది.

అరవలేదు. సొరుగు తెరిచి, రుమాలు తీసి, నా ముందు బల్ల మీద పెట్టాడు. టక్కుమంది.

"కొట్టి చూడండి అపై."

వేలితో కొట్టాను. రాయి. ఆ శబ్దం బుధవారమే విన్నాను. నిన్నో మొన్నో కొరికిన రొట్టె ఇలా మోగదని పసిపిల్లకి కూడా తెలుస్తుంది. కొరుకు చూశాను గాని రొట్టెను చూడలేదు నేను. వేల పాస్‌పోర్టుల మీద తేదీలు చూసినదాన్ని, దీని వయసు మాత్రం చూడలేదు.

"ఇది ఆరేళ్ళనాటిది" అన్నాడు. "ఉర్గెంచ్‌లో బస్సెక్కే ముందు మా నానమ్మ కొరికించింది. నన్ను పెంచింది ఆవిడే. పోయినేడు కన్నుమూసింది. ఈ ఆగస్టులో రోడ్డు వెడల్పు చేస్తూ ఆ ఇల్లు పడగొట్టారు. పక్కింటి హోసియత్ ఓపా గోడ కూలకముందే లోపలికెళ్ళి మేకుకున్న ఈ రొట్టె తీసిందట. ఏం చెయ్యమంటావని ఫోన్ చేసింది. పారెయ్యలేం కదా. బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపమన్నాను."

"మరి పంటి డాక్టరని..."

"రొట్టె కోసం ఆఫీసు మానేశానంటే ఎల్దార్ నవ్వుతాడని." ఎల్దార్ నవ్వలేదు. తల వంచుకుని ఉన్నాడు. "ఇదివరకు ఇక్కడ బతకలేకపోతే వెనక్కి వెళ్ళొచ్చులే, నా రొట్టె అక్కడ ఉంది కదా అనుకునేవాణ్ణి. ఇప్పుడు రొట్టె కూడా ఇక్కడికే వచ్చేసింది. ఇక నేనెక్కడికి పారిపోతాను అపై?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సాయంత్రమే కెగెన్ బస్సెక్కి, మర్నాడంతా నలభై ఇళ్ళకీ తిరిగాను. ప్రతి గుమ్మంలోనూ ఒకటే మాట చెప్పాను: తప్పు నాదే, రొట్టె పాతది. కొందరు నవ్వారు, కొందరు టీ ఇచ్చి పంపారు. ఒక ముసలామె మాత్రం, "పాత రొట్టె దాచుకున్న పిల్లవాణ్ణి దొంగన్నావా?" అని తలుపు వేసేసింది. తోలెగెన్ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగోరోజు సంచులు విప్పి, పట్టీలకి కొత్త తోలు కుట్టడం మొదలెట్టాడు. వారంలో మళ్ళీ పచ్చచుక్కలు లోయల్లోకి వచ్చాయి. అస్తానావాళ్ళు మాత్రం రాలేదు. నేను రాసిన నాలుగు ఉత్తరాలకీ జవాబు లేదు.

నవంబరులో కంపెనీ మూసేశాం. ఆ కాగితాలన్నీ నేనే నింపాను. మ్యాపు నడిపే పని ఎల్దార్ తన ఇంటినుంచి చూసుకుంటానన్నాడు, జీతం లేకుండానే. షుహ్రత్‌కి తాష్కెంటులో ఎవరిదో కంపెనీలో ఉద్యోగం దొరికింది. మళ్ళీ సొంతంగా మొదలుపెడతావా అని అడిగితే, "టైల్స్ ఎలా అతికించాలో మర్చిపోలేదుగా" అన్నాడు.

సైరాన్‌కి నేనూ వెళ్ళాను. ఈసారి సమోసాల బండి చాటున కాదు, తాష్కెంటు బోర్డు కిందే నిలబడ్డాను. పొద్దున తందూరు దగ్గర తీసుకున్న వేడిరొట్టె కోటులోపల దాచుకుని తీసుకెళ్ళాను. ఇవ్వడానికి మొహం చెల్లలేదు. చివరికి డ్రైవరు హారన్ కొట్టాక తీశాను.

"ఒక్క కొరుకు" అన్నాను. "మా ఇంట్లో ఉంచుతాను."

షుహ్రత్ ఆ రొట్టెను చూశాడు, నన్ను చూశాడు. తీసుకోలేదు. భుజానికున్న సంచి విప్పి, ఆకుపచ్చ పూల రుమాలు తీసి నా చేతిలో పెట్టాడు.

"కొత్తది ఎందుకు అపై, ఇదుందిగా. ఇందులో ఒక కొరుకు ఎలాగూ నాదే. వేడిది మీరు తినెయ్యండి."

చెప్పుకోవడానికే సిగ్గేస్తుంది, అప్పుడు కూడా నా పాడుబుద్ధి ఒక్క క్షణం అడిగింది, బరువెందుకని వదిలించుకుంటున్నాడా అని. బస్సు కదిలాక కిటికీలోంచి అతని చేతులు చూశాను. రెండు అరచేతులూ అద్దానికి ఆనించి ఉన్నాయి. చిన్నపిల్లాడిలా.

ఆ రొట్టె ఇప్పుడు మా వంటింటి గోడకి వేలాడుతోంది. రోజూ దుమ్ము దులుపుతాను, ఎలుకల మందు పెడతాను. మొన్న తోలెగెన్ వచ్చాడు. టీ తాగుతూ గోడకేసి చూసి, కప్పు కింద పెట్టి అడిగాడు.

"ఎవరిది అప్కే అది?"

"మనవాడిది" అన్నాను.

తోలెగెన్ లేచి వెళ్ళి, మేకు గట్టిగా ఉందో లేదో ఒకసారి కదిపి చూశాడు.